దిద్దిన ముగింపు

మేడ మీది గదిలో గొంతు మోగకుండా గోడలకు అతికించిన స్పాంజి పలకలను చిన్నవాడు పొద్దున్నే పీకడం మొదలుపెట్టాడు. ఒక్కో పలక ఊడినప్పుడల్లా దాంతోపాటు గుప్పెడు సున్నం రాలుతోంది. కంపెనీ పెట్టిన కొత్తలో అతను ఆ పలకలను ఎంత మురిపెంగా అతికించాడో వదిన చూసింది. ఇప్పుడు వాటిని మూలకు విసురుతుంటే ఆమెకు చూడబుద్ధి కాలేదు. చూడకుండా ఉండలేక ఒక చివర తనూ పట్టుకుంది.

సాయంత్రంతో యాప్ ఆగిపోతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనడం లేదు.

చిన్నవాడికి ఇది మూడో కంపెనీ. మొదటిసారి నాటకాలను ఇళ్ళకే చేరవేస్తానన్నాడు. నాటకాలు చేరాయి గానీ చూసేవాళ్ళు చేరలేదు. రెండోసారి పాటలన్నాడు. పెద్ద కంపెనీ ఒకటి అవే పాటల్ని ఊరికే ఇవ్వడం మొదలుపెట్టేసరికి ఏడాది తిరక్కుండానే చాప చుట్టేశాడు. మూడోది ఈ కథల యాప్. రాసేవాళ్ళే వారం వారం మైకు ముందు కూర్చుని తమ నవల తాము చెబుతారు, జనం ఫోన్లో వింటారు. ఇది బాగానే నడిచింది. వినేవాళ్ళు ఉన్నారు, మెచ్చుకునేవాళ్ళు ఉన్నారు, విని కళ్ళు తుడుచుకున్నామని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. చందా కట్టేవాళ్ళు మాత్రం తక్కువ. పెట్టుబడి పెట్టినాయన ఈమధ్య ఫోన్ ఎత్తడం మానేశాడు.

కింద వీధి గది అన్నగారి ఆఫీసు. ఆయన్ని ఇంట్లోనూ బజార్లోనూ ఎడిటర్ గారనే పిలుస్తారు. వారపత్రిక ఆగి ఏళ్ళు గడిచినా ఆ పిలుపు ఆగలేదు. ఇప్పుడు పుస్తకాలు వేస్తున్నాడు. తమ్ముడి కంపెనీ ఏమైందని ఎవరైనా అడిగితే "మూతపడింది" అంటాడు. తన పత్రిక ఏమైందని అడిగితే "ఆపాం" అంటాడు.

పైనున్న తమ్ముడికీ కిందున్న అన్నకీ మధ్య మెట్లెక్కి దిగే పని వదినది. ఆమె ఎడిటర్ గారి భార్య, బళ్ళో లెక్కల టీచరు. ఇంటికొచ్చే బైండింగువాళ్ళ దగ్గర్నుంచి చిన్నవాడి స్నేహితుల దాకా అందరికీ ఆమె వదినే. ఆదివారం కాబట్టి ఇవాళ బడి లేదు, బడిలో పిల్లలే నయమనిపించే రోజు మాత్రం ఇది.

అసలు చిక్కంతా పెద్దావిడ దగ్గర ఉంది.

ఈ అన్నదమ్ముల తల్లి నవలా రచయిత్రి. ఒకప్పుడు ఆమె సీరియల్ కోసమే పత్రిక కొన్నవాళ్ళున్నారు. చేతులు వణకడం మొదలయ్యాక కలం పక్కన పెట్టింది. ఇక రాయదనుకున్న మనిషి చిన్నకొడుకు మైకు ముందు కూర్చుని కొత్త నవల చెప్పడం మొదలుపెట్టింది. రైల్లో టిక్కెట్లు తనిఖీ చేసే ఒకావిడ కథ అది. కాగితం మీద ఒక్క ముక్క లేదు. మైకు ముందు కూర్చుని చెప్పుకుంటూ పోయేది, అంతే. చివరి భాగం ఒక్కటే మిగిలింది.

ఆ చివరి భాగాన్ని యాప్ ఆగేలోగా ఈ సాయంత్రం చెప్పించాలని చిన్నవాడి తాపత్రయం. చెప్పొద్దు, ముగింపు పుస్తకంలోనే రావాలి, మొత్తం నవల నేను అచ్చు వేస్తానని పెద్దవాడి కబురు. పెద్దావిడ మొన్నటి నుంచి ఎవరికీ ఔననలేదు, కాదనలేదు. మడత పెట్టిన బట్టలనే విప్పి మళ్ళీ మడత పెడుతూ కూర్చుంది. నవల ముగించే ముందు ఆమె ఎప్పుడూ అంతే. ఆ రోజుల్లో ఇంట్లో దుప్పట్లన్నీ చక్కగా ఉంటాయి, మనుషులే కాస్త చెదిరి ఉంటారు.

వదిన చేతుల సున్నం దులుపుకుని కిందికి దిగి అత్తగారి గదిలోకి వెళ్ళింది. ఇద్దరిలో ఎవరికో ఒకరికి మాటిచ్చేస్తే ఇంట్లో గాలి ఆడుతుందని నెమ్మదిగా చెప్పింది. తనక్కూడా ఆ టిక్కెట్లావిడ ఏమవుతుందోనని ఆత్రంగానే ఉందని, మొదటి వారం నుంచీ వంటింట్లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నానని ఒప్పుకుంది. ఎడిటర్ గారికి ఆ సంగతి తెలుసు. తెలియనట్టు ఉండటం ఆయనకు అలవాటు.

పెద్దావిడ చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగింది.

"మైకు ఉంచాడా, అదీ పీకేశాడా?" అని అడిగింది.

ఉంచాడని చెప్పింది వదిన. ఆవిడ తల ఊపి తువ్వాలు మడత పూర్తి చేసింది. అది ఔననడమో కాదో వదినకు అంతుపట్టలేదు.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆ చప్పుడు ఎవరిదో ఇద్దరికీ తెలిసింది గానీ నమ్మలేదు. కంపెనీ పెట్టినప్పటి నుంచి ఎడిటర్ గారు మేడెక్కలేదు.

ఎక్కడమే కాదు, చేతిలో అట్టబొమ్మ కూడా పట్టుకొచ్చాడు. నవలకు ముఖచిత్రం వేయించేశాడు. రైలు పెట్టె కిటికీ, దాంట్లోంచి బయటికి చూస్తున్న ఆవిడ. బొమ్మ బాగుందని, వెనకాలే పైకి వచ్చిన వదినతో పాటు చిన్నవాడు కూడా ఒప్పుకోక తప్పలేదు. ఎడిటర్ గారు కుర్చీలో సున్నం తుడుచుకుని కూర్చుని పని మాటలు మొదలుపెట్టాడు. ఇప్పటిదాకా వచ్చిన భాగాలన్నీ ఇస్తే ఆఫీసులో అమ్మాయి విని టైపు చేస్తుంది, తను దిద్దుతాడు, చివరి భాగం అమ్మ కింద కూర్చుని చెబితే తనే రాసుకుంటాడు, వానలు వెళ్ళేలోపు పుస్తకం బయటికి వస్తుంది. ఇది ఓడిన తమ్ముడికి అన్న చేస్తున్న సాయం అన్నట్టు ఉంది ఆ ధోరణి. నిజానికి ఆ మనిషి ఉద్దేశం కూడా అదే.

చిన్నవాడు వైర్లు చుట్టడం ఆపలేదు.

"భాగాలు లేవన్నయ్యా," అన్నాడు.

యాప్‌లో లేవని ఎడిటర్ గారికీ తెలుసు. అక్కడి పద్ధతే అది. వారం తిరిగేసరికి పాత భాగం పోతుంది. చిన్నప్పుడు వారపత్రిక వచ్చిన రోజున ఇల్లంతా దానికోసం కొట్టుకునేది, పై వారానికి అదే పత్రిక అలమరాల్లో అడుగున పరచడానికి వెళ్ళిపోయేది. ఆ ఆత్రాన్ని మళ్ళీ తెప్పించాలని చిన్నవాడు ఈ ఏర్పాటు చేశాడు. అచ్చాఫీసున్న ఇంట్లో పుట్టినవాడికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన. ఎప్పుడైనా వినొచ్చనే వీలు లేకపోవడం వల్లే చందాలు పెరగలేదని పెట్టుబడి పెట్టినాయన నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. అయినా చిన్నవాడు మార్చలేదు.

"జనానికి లేవు సరే. నీ దగ్గర అసలు రికార్డింగులు ఉంటాయి కదా?"

"ఉంచలేదు."

"ఒక్కటీ?"

"ఒక్కటీ."

ఎడిటర్ గారు అట్టబొమ్మను బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. కోపం వచ్చినకొద్దీ వాక్యాలు పొడుగవుతాయి, వ్యాకరణం శుభ్రపడుతుంది. ఒక రచయిత్రి ఆఖరి నవలను గాలికి వదిలేసిన మనిషిని తన వృత్తిలో ఇంతవరకూ చూడలేదన్నాడు. ఆమె ఎవరో రచయిత్రి కాదు, కన్నతల్లి అని కూడా గుర్తు చేశాడు.

ఆపైన ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండే వాదనే మళ్ళీ వచ్చింది. ఎడిటర్ గారు కాగితం వాసన గురించి మాట్లాడే రకం కాదు. అలా మాట్లాడేవాళ్ళు వాసన చూసి పుస్తకం అక్కడే పెట్టేసి వెళతారని ఆయన అనుభవం. ఆయన చెప్పేది వేరు. అచ్చయిన మాట నిలబడి ఉంటుంది. రేపెవరైనా వేలు పెట్టి చూపించి, ఇదేమిటని అడగొచ్చు. తెర మీది మాటకు ఆ పూచీ లేదు, పెట్టినవాడు తీసేస్తే అడగడానికి దిక్కుండదు. ఇవాళ తమ్ముడి యాప్ పోతోంది, దాంతోపాటు ఎంతమంది కథలు పోతున్నాయో లెక్క ఉందా అని అడిగాడు.

చిన్నవాడి మాట కూడా తీసిపారేసేది కాదు. పగలంతా బస్సు నడిపేవాడు పుస్తకం ఎప్పుడు పట్టుకుంటాడు? చూపు ఆనని వాళ్ళ సంగతేమిటి? అమ్ముడుపోక గోదాములో కట్టలు కట్టి పెట్టిన పుస్తకం నిలబడినట్టు ఎలా అవుతుంది? వాటిని చెద పురుగులు తప్ప ఎవరు చదువుతున్నారు? ఆ మాట కాస్త గట్టిగానే తగిలింది. గోదాము ఊసు ఎత్తకూడదని ఇంట్లో అందరూ ఎప్పుడో కూడబలుక్కున్నారు.

వదిన ఇంకో పలక ఊడదీసింది. ఏదో ఒక చప్పుడు ఉంటే నయమనిపించింది.

"ఓడిపోవడం తప్పు కాదు," అన్నాడు ఎడిటర్ గారు చివరికి. "అమ్మ నవలని తుడిచెయ్యడం తప్పు. దానికి నువ్వేం చెప్తావు?"

చిన్నవాడు ఏమీ చెప్పలేదు. చెప్పలేక కాదు, చెప్పకూడదన్నట్టు పెదవులు బిగించాడు. వదినకు ఆ తేడా తెలిసింది. తెలివితక్కువ పనులు చేసి అడ్డంగా వాదించే మరిదిని ఆమె ఎరుగును. తప్పు మీద వేసుకుని ఊరుకునే మరిదిని ఇదే చూడటం.

"వాణ్ని అనకు," అంది పెద్దావిడ. ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. "తుడిచెయ్యమన్నది నేను."

ఎడిటర్ గారు కుర్చీలోంచి లేచి తల్లికి చోటిచ్చాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఎందుకమ్మా?"

"నీ చేతికి దొరక్కుండా."

ఆవిడ కోపంగా అనలేదు. మందుల సీసా ఎక్కడ పెట్టిందీ చెప్పినంత మామూలుగా అంది. అందువల్ల ఆ మాట అర్థం కావడానికి అందరికీ కొంచెం సేపు పట్టింది.

తర్వాత ఆవిడే చెప్పుకొచ్చింది. తన రాత కోడికెలుకుడు కాబట్టి ప్రతి నవలా పెద్దకొడుకే సాపు రాసి కంపోజింగుకు పంపేవాడు. ఒకసారి రాసింది మళ్ళీ చూసుకునే అలవాటు తనకు లేదు, ఆ సంగతి వాడికి తెలుసు. అలా ఎన్నో ఏళ్ళు గడిచాక, ఒక పాఠకురాలు వచ్చి, దర్జీ పని చేసే ఒకావిడ గురించి తను రాసిన నవల ముగింపు మెచ్చుకుంటూ చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ పాఠకురాలు చెబుతున్న ముగింపు తను రాసింది కాదు. ఆ రాత్రి మొదటిసారి తన నవల తను అచ్చులో చదివింది.

"నేను రాసినదాంట్లో దర్జీ ఆవిడ మొగుడి దగ్గరికి తిరిగి వెళ్ళదు," అంది పెద్దావిడ. "మిషను బండి మీద వేయించుకుని బజార్లో గది అద్దెకు తీసుకుంటుంది. అంతే, అయిపోయింది. నువ్వు ఆవిణ్ని ఇంటికి పంపావు. గేటు దగ్గర నిలబెట్టావు. ఆయన లోపల్నించి వచ్చి, ఒక్క మాటైనా అనకుండా గేటు తీసినట్టు రాశావు. బాగా రాశావురా. నాకంటే బాగా రాశావేమో. ఇప్పటికీ ఎక్కడ కనపడినా ఆ గేటు గురించే అడుగుతారు, ఎలా రాశారండీ అని. నవ్వి ఊరుకుంటాను. ఏం చెప్పను?"

"అప్పుడు పత్రికలో చోటు సరిపోలేదమ్మా," అన్నాడు ఎడిటర్ గారు.

"అప్పుడూ ఇదే చెప్పావు. గది అద్దెకు తీసుకోవడానికి సరిపోని చోటు, గేటు పెట్టడానికి సరిపోయిందా?"

చిన్నవాడికి నవ్వొచ్చింది. సమయం కాదని వైర్ల మీదికి వంగాడు.

ఆ తర్వాత నుంచీ ప్రతి నవల్లోనూ ఎక్కడో ఒకచోట కొడుకు చెయ్యి పడుతూనే ఉందనీ, అడిగితే సర్దానమ్మా అనేవాడనీ, ఇల్లు గడవాలి, పత్రిక నడవాలి కదా అని తనూ సర్దుకుందనీ చెప్పింది ఆవిడ. "అచ్చులో ఉన్నది నిలబడుతుందని చెప్తున్నావు. నిజమే. నిలబడి ఉన్నది నాది కాదు, అదీ నా బాధ. పోయేముందు ఒక్క కథైనా నేననుకున్నట్టు చెప్పుకోవాలనిపించింది. అది నిలబడకపోయినా సరే."

ఎడిటర్ గారు తల్లి వైపు చూడటం లేదు. ఆయన భార్య వైపు చూస్తున్నాడు.

వదిన చేతిలోని స్పాంజి పలకను జాగ్రత్తగా నేల మీద పెట్టింది, అదేదో పగిలే వస్తువైనట్టు.

దర్జీ ఆవిడ నవల వస్తున్న రోజుల్లో వదిన ఈ ఇంట్లో లేదు. ఉద్యోగం మానెయ్యమని ఆయన అన్న మాట దగ్గర తగాదా మొదలై, ఎక్కడెక్కడికో పోయి, ఆమె పక్క ఊళ్ళో అక్కగారింటికి వెళ్ళిపోయింది. ఆయన ఉత్తరం రాయలేదు, మనిషిని పంపలేదు. పత్రిక మాత్రం వారం వారం పోస్టులో వచ్చేది. రావద్దని చెప్పేవాళ్ళు లేరు, రమ్మని పిలిచేవాళ్ళూ లేరు. ఆ నవల ఆఖరి భాగం చదివిన మధ్యాహ్నమే ఆమె పెట్టె సర్దుకుంది. ఇంటికి వచ్చేసరికి ఆయన ఆఫీసులోంచి లేచి వచ్చి, ఒక్క మాటైనా అనకుండా గేటు తీశాడు. కథలో ఉన్నట్టే.

ఇన్నేళ్ళలో ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనలోనే దాచుకుని మురిసిపోయింది. అత్తగారు తనను చూసే ఆ ముగింపు రాసిందేమో, పిలవలేక అలా పిలిచిందేమో అని కూడా అనుకుంది. అత్తగారంటే ఆమెకున్న ప్రేమలో సగం అక్కడ పుట్టినదే.

ఇదేమీ తెలియని పెద్దావిడ చిన్నకొడుకు వైపు తిరిగింది. "సాయంత్రం చెప్తాను. ఇక్కడే. మైకు సిద్ధం చెయ్యి."

చిన్నవాడికి కావలసింది దొరికింది గానీ గోడలు బోడిగా ఉన్నాయి. చప్పట్లు కొట్టి చూశాడు, గది నూతిలా మోగింది. పలకలు మళ్ళీ అతుక్కోవు. వదిన ఏమీ అనకుండా కిందికి వెళ్ళి, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ మోసుకొచ్చింది. అత్తగారు రెండు రోజులుగా మడత పెట్టినవే. మేకులకు తాళ్ళు కట్టి ఒక్కొక్కటే వేలాడదీశారు. ఎడిటర్ గారు కూడా స్టూలెక్కి ఒక కొస పట్టుకున్నాడు. పట్టుకోమని ఎవరూ అడగలేదు, దిగమని కూడా ఎవరూ అనలేదు.

దుప్పటి రెండో కొస వదిన చేతిలో ఉంది. ఇద్దరి మధ్య గుడ్డ బిగిసి నిలబడింది. ఆయన ముడి వేశాక ఆమె తన కొస వదిలింది.

స్టూలు దిగాక ఎడిటర్ గారు తల్లి దగ్గరికి వచ్చాడు. ఈ ఒక్క భాగమైనా దాచుకోనివ్వమని అడిగాడు. అక్షరం మార్చనని, కావాలంటే అచ్చు వేయననీ, తన దగ్గర ఉంటే చాలనీ అన్నాడు. ఆ గొంతులో ఎడిటర్ లేడు, కొడుకే ఉన్నాడు. పెద్దావిడకు జాలేసింది. జాలేసినా మాట మార్చలేదు.

"అందరిలాగే విను," అంది. "వింటే నీ దగ్గరే ఉంటుంది."

సాయంత్రం వీధి గదిలో భార్యాభర్తలిద్దరే మిగిలారు. పైన తలుపు మూశారు. ఎడిటర్ గారి ఫోన్లో ఆ యాప్ ఎప్పుడూ లేదు కాబట్టి వదిన తన ఫోను తెచ్చి, ప్రూఫులు దిద్దే బల్ల మీద ఆయనకు దగ్గరగా పెట్టింది. ఆయన అలవాటు కొద్దీ ఎర్ర పెన్సిలు తీసుకుని, ఎందుకు తీసుకున్నాడో గుర్తొచ్చి పక్కన పెట్టాడు.

పెద్దావిడ గొంతు మొదలైంది. దుప్పట్లు బాగానే పనిచేశాయి. గొంతు దగ్గరగా, వెచ్చగా, పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. టిక్కెట్లావిడ ఉద్యోగంలో ఆఖరి రోజు అది. రైలు ఊరు దాటింది. టిక్కెట్టు లేని ప్రయాణికుడు ఒకతను కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. అతనెవరో ఆవిడకు తెలుసు.

"ఆ గేటు మీరేనా రాసింది?" అంది వదిన.

ఆయన తల ఊపాడు.

"నాకోసమేనా?"

దానికీ తల ఊపాడు. అప్పుడు నోరు విప్పాడు. "నీకు ఉత్తరం రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టినా సంపాదకీయంలా వచ్చేది. చించేశాను."

"ఆ ముగింపు మాత్రం రాయడం వచ్చింది."

"అది ఇంకొకరి కథ. అందులో రాయడం వచ్చింది."

ఫోన్లో రైలు ఏదో స్టేషన్లో ఆగినట్టుంది. పెద్దావిడ అక్కడ దిగేవాళ్ళ గురించి చెబుతోంది. ఇద్దరూ అటు చెవి పెట్టబోయారు. పెట్టలేకపోయారు.

"అత్తయ్య పేరుతో వేశారు," అంది వదిన.

"నా పేరుతో వేస్తే నువ్వు నమ్మేదానివా?"

నమ్మేది కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అబద్ధం చెప్పే అలవాటు లేక ఊరుకుంది. ఆయనకు అది కొంచెం ధైర్యమిచ్చినట్టుంది. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇన్నేళ్ళు మనం బాగా లేమా?" అని అడిగాడు.

"ఉన్నాం. లేకపోతే ఇంత బాధ ఉండేది కాదు."

ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. పిల్లలకు లెక్క చెప్పేటప్పుడు మెట్టు మెట్టుగా వెళ్ళే మనిషి ఆమె. ఇప్పుడూ అలాగే చెప్పింది. "నా అంతట నేనే వచ్చాననుకున్నాను. ఎవరూ పిలవలేదు, బతిమాలలేదు, అయినా వచ్చాను అని నాకు గర్వంగా ఉండేది. మీరేదైనా అన్నప్పుడల్లా అదే తలుచుకునేదాన్ని, నేను కావాలని వచ్చినదాన్ని కదా అని. మీరు రాయకపోయినా వచ్చేదాన్నేమో. రాకపోయేదాన్నేమో. అది తెలుసుకునే దారి నాకు లేకుండా చేశారు."

"నువ్వు రావాలనే కదా రాశాను."

"తెలుసు. అందుకే కోపం కూడా సరిగ్గా రావడం లేదు."

మాటలు దిద్దడం ఆయన బతుకు. దిద్దవలసిన వాక్యం ఒక్కటీ లేని మాటలు ఎదురైతే ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. చెయ్యి చాచి ఆమె చేతి మీద వేశాడు. ఆమె తీసెయ్యలేదు. తిప్పి పట్టుకోలేదు కూడా.

గది నిశ్శబ్దంగా ఉందని కాసేపటికి ఇద్దరికీ తెలిసింది. పెద్దావిడ గొంతు ఆగిపోయి ఉంది. ఫోను తెర మీద ఇన్నాళ్ళూ విన్నందుకు కృతజ్ఞతలని రెండు ముక్కలు కనిపించాయి. చూస్తుండగానే అవీ పోయి, తెర ఖాళీ అయింది. వదిన వేలితో తాకి చూసింది. తెరుచుకోలేదు.

టిక్కెట్లావిడ ఏమైందో ఇద్దరూ వినలేదు.

మెట్ల మీంచి ముందు పెద్దావిడ, వెనకాల ఆవిడ మోచెయ్యి పట్టుకుని చిన్నవాడు దిగి వచ్చారు. చిన్నవాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కంపెనీ పోయిన బాధలా లేదు. అమ్మ అలా ముగిస్తుందని తను కలలో కూడా అనుకోలేదన్నాడు. పెద్దావిడ అలసిపోయి ఉంది, ముఖం మాత్రం తేటగా ఉంది. వదిన ఆ ముఖాన్ని అంత తేటగా ఎప్పుడూ చూడలేదు. తన బాధ పక్కన పెట్టి ఒక్క క్షణం ఆమెకు సంతోషమేసింది.

"ఎలా ఉందిరా?" అని పెద్దకొడుకును అడిగింది పెద్దావిడ.

బాగుందని చెప్పడానికి ఎడిటర్ గారు నోరు తెరిచాడు. భార్య తన వైపే చూస్తోంది.

"వినలేదమ్మా," అన్నాడు.

చిన్నవాడు తెల్లబోయాడు. పెద్దావిడ కొడుకునూ కోడలినీ మార్చి మార్చి చూసింది. మళ్ళీ ఒకసారి చెప్పమ్మా అని చిన్నవాడు అనబోతే చేత్తో ఆపింది. రెండోసారి చెబితే అది ఇంకో కథ అవుతుందంది. కోడలి తల మీద చెయ్యి వేసి, ఏమైందని అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది. చిన్నవాడు ఆవిడ వెంట వెళ్ళాడు.

వదిన ఫోను తీసుకుని లేచింది. బల్ల మీద చెదిరిన ప్రూఫు కాగితాలు వరసగా సర్దింది. అది రోజూ చేసే పనే.

"రేపు బడికి సెలవు పెడుతున్నాను," అంది. "అక్కయ్య దగ్గరికి వెళ్తాను."

ఎడిటర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"వస్తావా?" అన్నాడు.

"తెలీదు. నాకే తెలియాలి." గుమ్మం దాకా వెళ్ళి ఆమె వెనక్కి తిరిగింది. "ఈసారి మీరేమీ రాయకండి."